గంజి పెట్టని గుడ్డ

ఇప్పుడు నా జుట్టు మెడ దాకా పెరిగింది. ఇదివరకు నిటారుగా ఉండేది, ఇప్పుడు ఉంగరాలు తిరిగి వచ్చింది. "అక్కా, పుట్టింటి జుట్టు పోయి కొత్త జుట్టు వచ్చింది నీకు" అని మా తోడికోడలు సుజాత నవ్వుతుంది. నవ్వనీ. ఏడవడం కంటే అదే నయం.

పోయిన నెల పరీక్ష కోసం హైదరాబాదు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, బెంచీ మీద నా పక్కన ఒక చిన్న పిల్ల కూర్చుంది. కొత్తగా పెళ్లయిన పిల్లలాగా ఉంది. మందు ఎక్కించడం అప్పుడే మొదలైందట. చుట్టూ చూసి నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, నెత్తికి ఏం కట్టుకోవాలె?" అని అడిగింది. డాక్టరును అడగలేని ప్రశ్న అది, ఇంట్లోనూ అడగలేనిది. అంతలో నా పేరు పిలిచారు. నేను లోపలికి పోయి వచ్చేసరికి ఆ పిల్ల లేదు. ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. చదివేది ఆమే కానక్కర్లేదు.

2006 ఎండాకాలంలో నాకు జబ్బు బయటపడింది. దాని కంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. మా చీరలకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలునూ పట్టునూ పోగుకు పోగు కలుపుతూ నేయడం ఒక్క మనిషితో కాదు. నేసేవాడు కూర్చున్నాక, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం ఉన్న నాడెను ఒక్క క్షణం తప్పకుండా అందిస్తూ ఉండాలి. పెళ్లయిన ఏడాది నుంచి మా ఆయన పక్కన ఆ చోటు నాది. ఊళ్లో మొగుడూ పెళ్లాలు అన్నం దగ్గర కలుస్తారు, పడక దగ్గర కలుస్తారు. మేము పొద్దంతా మోచేతులు తగిలేంత దగ్గరగా ఉండేవాళ్లం. మాట్లాడుకునేది తక్కువే. అయినా మగ్గం ముందు ఆ పలక మీద కూర్చుంటే నేనెవరో నాకు తెలిసేది.

రొమ్ములో గడ్డ తగిలింది. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే హైదరాబాదు పొమ్మన్నారు, హైదరాబాదులో ఆపరేషన్ అన్నారు. ఏం తీశారో ఎంత తీశారో రాయను. పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు, పడనివాళ్లకు చెప్పినా తెలియదు. ఆపరేషన్ అయ్యాక మా ఆయన డాక్టరును అడిగిన మొదటి మాట మాత్రం రాస్తాను. "మగ్గం మీద కూసోవచ్చా సార్, మా ఆమె?" అన్నాడు. డాక్టరు చిరాకుపడి, "మగ్గమా? ముందు మనిషిని బతకనియ్యండి" అన్నాడు. సగం మత్తులో ఆ రెండు మాటలూ నాకు వినబడ్డాయి. అప్పటి నుంచి బతకడమూ, నా చోట్లో మళ్లీ కూర్చోవడమూ నా మనసులో ఒకటే అయిపోయాయి.

పిల్లలిద్దర్నీ వనపర్తిలో మా అమ్మ దగ్గరికి పంపించాం. బస్సెక్కేటప్పుడు చిన్నది వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని చూడలేదట, తర్వాత చెప్పింది. ఆ రోజు మాత్రం అది నాకు తెలియదు.

వానలు పడ్డాక మందు ఎక్కించడం మొదలైంది. మూడు వారాలకు ఒకసారి రైలెక్కి పోవడం, రావడం. మొదటి విడత అయ్యాక, ఒళ్లు కాస్త కుదుటపడ్డ రోజుల్లో, మగ్గం దగ్గర కూర్చునేదాన్ని. ఆపరేషన్ అయిన పక్క చెయ్యి గుంజేది. పంటి బిగువున పట్టుకునేదాన్ని. జుట్టు రాలుతోందని తెలుసు, దువ్వెన నిండా వస్తోంది. అయినా దువ్వుకుని, బిగించి ముడి వేసుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు సావుకారు వచ్చాడు. మాకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునేది ఆయనే. మగ్గం నుంచి దిగిన చీరను వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చూస్తూ ఒకచోట ఆగాడు. ఎర్రంచులో సన్నగా నల్లగీత. నా వెంట్రుక. నాడె వెంట లోపలికి పోయి నేతలో కలిసిపోయింది. లాగితే పట్టు పోగు కూడా తెగుతుంది. అది పెళ్లి చీర.

"ఏం గాదులే నర్సింలూ, గట్లయితది" అన్నాడు సావుకారు మా ఆయనతో, నా వైపు చూడకుండా.

తిట్టినా బాగుండేది. ఆయన పోయాక మా అత్తమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది. "జరన్ని దినాలు లోపల పండుకో బిడ్డా. సుజాత కూసుంటది. నువ్వు పరేషాన్ గాకు" అంది. సుజాత మా మరిది భార్య. పని వచ్చినదే, చేతులు కూడా చురుకు. తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోలేక, నా మీద నేనే తెచ్చుకున్నాను.

లోపలి గదిలోకి పోయాక ఇంకొకటి జరిగింది. ఆసుపత్రిలో నర్సు, "జనంలో తిరగొద్దు, దగ్గూ జలుబూ ఉన్నవాళ్లను దగ్గరికి రానియ్యొద్దు" అని చెప్పి పంపింది. ఆ మాట మా అత్తమ్మ చెవిలో పడేసరికి అమ్మవారు పోసినప్పటి కట్టడి అయిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తాలింపు వాసన తగలగూడదని ఇంట్లో పోపు మానేసింది. మిగతా వాళ్లందరూ నా కోసం చప్పటి పప్పు తిన్నారు. పళ్లెం గడప మీద పెట్టి, నేను తీసుకునే దాకా అవతల నిలబడేది. చిన్నప్పుడు మా ఆయనకు అమ్మవారు పోస్తే అట్లాగే కాపాడుకుందట. ఆమెకు తెలిసిన ప్రేమలో అంతకు మించింది లేదు. అందుకే ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ అమ్మవారయితే కొద్దిరోజులకు తలకు నీళ్లు పోసి బయటికి తెస్తారు. నాకు నీళ్లు పోసే రోజెప్పుడో చెప్పేవాళ్లు లేరు.

గోడ అవతల మగ్గం నడిచేది. ఎన్నేళ్లుగానో వింటున్న చప్పుడే, గోడ ఇవతల నుంచి వినడం కొత్త. సుజాత నాడె అందించడం ఆలస్యమైనప్పుడల్లా చప్పుడు తడబడేది. మొదట్లో ఆ తడబాటు వింటే లోలోపల సంతోషంగా ఉండేది. రానురాను తడబాటు తగ్గింది. ఒకరోజు పొద్దంతా ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. వాంతులని అనుకున్నారు.

ఇక తలగుడ్డ సంగతి. రెండో విడతకు జుట్టంతా పోయింది. ఆసుపత్రి ముందున్న అంగట్లో మా ఆయన ఒక గుడ్డ కొన్నాడు, అంగడివాడు దాన్ని బండానా అన్నాడట. ఇంటికొచ్చి ఆ పేరే చెప్తే అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "బండనా? అసలే నెత్తి నొస్తదంటే బండ పెట్టుకుంటదా?" అంది. జబ్బు వచ్చాక ఇంట్లో అందరం కలిసి నవ్వింది అప్పుడే. అయితే అత్తమ్మ మాటే నిజమైంది. అది నైలాను. పూలు ముద్దుగా ఉన్నాయి గానీ, కాసేపటికే లోపల చెమట పట్టి తల ఉడికిపోయేది. జుట్టు లేని తలకు వేడీ చలీ రెండూ ఎక్కువే, అది ముందు ఎవరూ చెప్పరు.

తర్వాత మా పట్టు జాకెట్ గుడ్డ ఒకటి కట్టాను. మెత్తగా ఉంది, కానీ పట్టుకు పట్టు ఉండదు. జుట్టు ఉన్న తల మీద నిలుస్తుందేమో, గుండు మీద జారిపోతుంది. రైల్లో జారి ఒళ్లో పడింది. ఎదురుగా ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. "ఏ దేవునికిచ్చినవ్ బిడ్డా?" అని ప్రేమగా అడిగింది. మా దిక్కు ఆడమనిషి గుండుకు ఒకటే కారణం, మొక్కు.

"డాక్టర్‌కు ఇచ్చిన అవ్వా" అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో, "మంచిగ చేసినవ్" అని రెండు చేతులూ జోడించింది. పక్కన మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు.

ఆ వారమే ఆయన నా కోసం తలగుడ్డ నేశాడు. నూలు గుడ్డ, చుట్టూ ఎర్రంచు, అంచులో సన్నటి జరీ. సావుకారు పని పక్కన పెట్టి నేశాడు. వీధిలో ఆడవాళ్లు గుమ్మం బయటి నుంచే చూసి, "ఎంత అదృష్టమే సరోజా, మొగడు నెత్తిగుడ్డ గూడ నేసిచ్చిండు" అన్నారు. అదృష్టమే. కానీ ఆ అంచు నేయడానికి నాడె అందించింది సుజాత. గుడ్డ విప్పి చూసిన ప్రతిసారీ ముందు ఆ సంగతే గుర్తొచ్చేది. పైగా అది గుచ్చుకునేది. మందు పడ్డ తల పుండులాంటిది. దిండు తగిలినా చురుక్కుమంటుంది. కొత్త నూలు, జరీ, వాటి మీద గంజి.

మా వీధిలో గంజి అంటే మర్యాద. పడుగు దారాలకు గంజి పెట్టనిదే నేత లేదు. కట్టే చీరకూ, పంచెకూ, చివరికి చేతి రుమాలుకూ గంజి పెడతారు. అత్తమ్మ నా తలగుడ్డను తనే ఉతికి, గంజిలో ముంచి, అప్పడంలా ఆరబెట్టి గడప మీద పెట్టేది. నా ఒంటి దాకా వచ్చే ఆమె చేతి పని అదొక్కటే. గుచ్చుతోందంటే అదీ ఆగిపోతుందేమోనని భయం. కట్టుకునేదాన్ని. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు విప్పి, ఎవరైనా గడప దగ్గరికి వస్తున్న అలికిడి వినబడితే మళ్లీ కట్టుకునేదాన్ని. నన్ను ఎవరూ ముట్టుకోని ఇంట్లో, నన్ను ముట్టుకునే ఒక్క గుడ్డా ముళ్లకంపలాగే ఉండేది. దిక్కులేనిదాన్ని కాదు. ఇంటినిండా మనుషులున్నారు. అయినా అంత ఒంటరితనం నేను మళ్లీ ఎరగను.

దసరా దాటాక ఒక విడతకు పోయినప్పుడు, మందు ఎక్కించే గది బయట బాలమణి కనబడింది. తెలకపల్లి దిక్కు రైతు మనిషి. నాకంటే కొంచెం పెద్దది. తలకు తెల్లటి గుడ్డ చుట్టుకుంది, వెలిసిపోయి గోధుమరంగుకు దిగిన తెలుపు. బయట ఎండలో ఆమె భర్త ఉత్త తలతో కూర్చుని ఉన్నాడు.

"మా ఆయన రుమాల్ ఇది" అంది నేను చూడటం చూసి. "ఇన్నేండ్లు నెత్తికి పటకా చుట్టుకొని చేన్ల తిరిగిండు. ఇప్పుడు పటకా నా నెత్తికొచ్చింది, పెత్తనం గూడ నాకే వచ్చింది. చూడు, ఆయన ఎండల కూసుండు, నేను ఫ్యాను కింద కూసున్న."

నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే జరీ అంచు నుదుటి మీద కోసుకుని నా ముఖం మారింది. ఆమె కనిపెట్టింది.

"ఏంది, గుచ్చుతున్నదా? విప్పు ఇటు."

అంతమందిలో విప్పనన్నాను. "ఈడ ఎవ్వరికి జుట్టుందని సిగ్గుపడ్తున్నవ్?" అని ఆమే విప్పేసింది. నా తల చూసి నాలుక కరుచుకుంది. నుదుటి మీద, చెవుల వెనక ఎర్రటి గీతలు. సంచిలోంచి తన ఇంకో రుమాలు ముక్క తీసి, మూలకు మూల మడిచి, కుట్టు పైకి వచ్చేట్టు తిప్పి నా తలకు కట్టింది. వెనక ముడి వేస్తే పడుకున్నప్పుడు ఒత్తుతుందని, చెవి మీదుగా పక్కకు తెచ్చి వదులుగా వేసింది. నీళ్ల సీసాతో వేళ్లు తడుపుకుని అంచు వెంట రాసింది, జారకుండా ఉండటానికి.

అన్ని నెలల తర్వాత నా తల మీద ఒక మనిషి చెయ్యి పడింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

"కొత్త గుడ్డకు గర్వముంటది చెల్లే, ఒంటికి ఒంగదు. ఏండ్లు కట్టి, ఉతికి ఉతికి సచ్చిపోయిన నూలే మనకు మంచిది. ఇంట్ల ముసలోళ్ల చీరె లేదా?" అంది.

ఆ గుడ్డ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె పేరు పిలిచారు, పోయింది. తర్వాత మా తేదీలు కలవలేదు. ప్రతి విడతకూ ఆ గది బయట పటకా కోసం వెతికాను. ఎట్లా ఉందో, ఉందో లేదో నాకు తెలియదు. తెలకపల్లి బస్సు కనబడితే ఇప్పటికీ కిటికీలు చూస్తాను.

ఇంటికొచ్చి అత్తమ్మను ఆమె పాత చీర ఒకటి అడిగాను. ఆమె ముఖం మాడిపోయింది.

"పాత గుడ్డనా? నేతోళ్ల ఇంట్ల కోడలికి పాత గుడ్డ కట్టిండ్రంటే ఊరు ఉమ్మెయ్యదా? నీ మొగడు జరీ అంచు పెట్టి నేసిచ్చె గద."

"గుచ్చుతున్నది అత్తమ్మా."

"జర ఓర్చుకుంటే అలవాటైతది."

అప్పుడు నాకు తిక్క లేచింది. అన్ని నెలల మౌనం ఒక్కసారి తెగింది. గడప దాటి బయటికి వచ్చి, ఆమె ముందే తలగుడ్డ లాగేశాను. "చూడు అత్తమ్మా. ఇది అమ్మవారు గాదు, అంటుకోదు. చూడు. పసిపిల్ల పుడితే నీ పాత చీరెలోనే గదా చుడ్తవ్. మెత్తగుంటదని గదా. పిల్లలకు పనికొచ్చేది నాకు పనికిరాదా?"

ఆమె నా తల చూడటం అదే మొదలు. చాలాసేపు చూసింది. చెయ్యి ఎత్తింది, ఆగింది, మళ్లీ ఎత్తి నడినెత్తిన పెట్టింది. "ఇన్ని దినాలు జెప్పవైతివి గదనే పిల్లా" అని లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడు, ఆ తర్వాత చర్రున చీర చింపిన చప్పుడు వినబడ్డాయి. తన వాడుక చీర, పసుపురంగు ఎప్పుడో పోయి వెన్నలా ఉంది. ఆ రోజే గుమ్మానికున్న వేపమండలు తీసేసింది. సాయంత్రం పప్పుకు ఎల్లిపాయ పోపు పడింది. ఇల్లంతా తుమ్మారు.

ఆ పిల్లకు చెప్పాలనుకున్నవి ఇవే. పాత నూలు చూసుకో తల్లీ, నీకంటే ముందు ఇంకొకరి ఒంటి మీద అరిగినది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు తక్కువగా వేసి ఉతికి, నురగంతా పోయేదాకా జాడించు, పిండకుండా నీడలో ఆరెయ్యి. గంజి వద్దు, ఎంత ప్రేమగా పెడతామన్నా వద్దు. ఒకటి తడిసినా ఇంకొకటి చేతికి అందేట్టు ఉంచుకో. గుచ్చితే చెప్పు. ఎవరో ఒకరు నేసిచ్చిందే అయినా చెప్పు. నేను ఆలస్యంగా చెప్పాను.

మెత్తటి గుడ్డ తల మీదికి వచ్చాక పొద్దంతా కట్టుకుని ఉండగలిగాను. చలికాలం మొదట్లో ఒక పొద్దున, నేరుగా మగ్గం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా చోట్లో సుజాత ఉంది.

"నేను కూసుంట" అన్నాను.

మా ఆయన చేతులు ఆగాయి. అత్తమ్మ వాకిట్లోంచే, "మళ్ల వెంట్రుకలు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"అత్తమ్మా, ఈ ఇంట్ల వెంట్రుక రాలని తల నాదొక్కటే. మీ అందరి తలలు జూసుకోండి ముందు" అన్నాను.

సుజాత పకపకా నవ్వింది. నవ్వుతూనే లేచి, పలకను కొంగుతో తుడిచింది. "రా అక్కా. నీ చోట్ల కూసుంటే నాకు ఎన్నడూ మగ్గం మీద కూసున్నట్టే లేకుండె, ముల్లు మీద కూసున్నట్టుండె" అంది. అంతకాలం ఆమెకూ కష్టంగానే ఉందని నాకు తట్టనే లేదు.

కూర్చున్నాను. నాడె అందుకున్నాను. చెయ్యి నా మాట వినలేదు. ఒకసారి ముందుగా ఇచ్చాను, ఒకసారి ఆలస్యంగా. ఆపరేషన్ పక్క గుంజినప్పుడల్లా దారం వదులయ్యేది, తమాయించుకుని లాగితే బిగుసుకునేది. మా ఆయన నా కోసం ఆగుతూ నేశాడు. జానెడు నేసేసరికి నాకు చెమటలు పట్టాయి. వంగి చూశాను. నూలూ పట్టూ కలిసే గీత పైనంతా దారం పట్టి గీసినట్టుంది, ఆ జానెడు మేర మాత్రం పాము పాకినట్టు వంకర. వెంట్రుకంతది కనిపెట్టిన సావుకారు దీన్ని వదులుతాడా?

"విప్పుదమా?" అన్నాను.

మా ఆయన ఆ వంకర మీద బొటనవేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తడిమాడు.

"ఎందుకు విప్పుడు? నువ్వు కూసున్న జాగ గది" అన్నాడు.

తర్వాత చెయ్యి చాపాడు. నాడె అందించాను.